మాడన్నం తిన్న జనరల్

భూపాలపల్లిలో నేను వార్డెన్‌గా ఉన్న హాస్టల్లో ఇవాళ అన్నం అడుగంటింది. కొత్తగా వచ్చిన వంటామె నొచ్చుకుంటూ గుండిగను పొయ్యి మీంచి దించింది. ఆ మాడు వాసన తగలగానే జనగామ హైవే, మాడు పగిలే ఎండ, రాజలింగం గారు గుర్తొచ్చారు.

ఆయనది పాలకుర్తి దగ్గర రైతు కుటుంబం. సిపాయిగా చేరి, పరీక్షలు రాసి అధికారియై, మేజర్ జనరల్‌గా రిటైరయ్యారు. అప్పట్లో మహబూబాబాద్ నుంచి కొత్తగా జనగామకొచ్చిన టీచరమ్మను నేను, ఆయన మా పక్కింటాయన. శౌర్యపతకం పొందిన మనిషి కూరగాయల సంచితో నడిచొస్తుంటే నమ్మబుద్ధయ్యేది కాదు. ఓసారి ఉండబట్టలేక ఆ పతకం ఎలా వచ్చిందని అడిగాను.

"మంచుకొండ మీద మా పోరగాండ్లు చిక్కుకున్నరు బిడ్డా. రొట్టెలు మోస్కపోయిన. గంతే."

దారి పొడుగునా తూటాలు కురుస్తుంటే మోసుకుపోయారనీ, భుజంలో ఓ ముక్క ఇంకా ఉందనీ ఆయన భార్య చెబితే తెలిసింది. ఏ యుద్ధం కథ మొదలెట్టినా ఆయన తిండి దగ్గరికే వచ్చి ఆగేవారు. తిండిపోతు జనరల్ అని ఆటపట్టిస్తే హాయిగా నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మా టీచర్లం హైవే మీద వంటావార్పు పెట్టుకున్నాం. రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకు తినడం మా నిరసన. అంతకుముందే ఇంకో ఊళ్లో మావాళ్ల తలలు పగిలాయి. రాజలింగం సాబ్ పతకాలు పెట్టుకుని ముందు కూర్చుంటే పోలీసులు చెయ్యెత్తరని నా ఎత్తు. అందరికీ మాట కూడా ఇచ్చేశాను. తీరా ఆయన మామూలు చొక్కాతో, భుజాన తువ్వాలుతో దిగారు. నాకు ఒళ్లు మండింది.

"పతకాలేవి సాబ్?"

"అవి ఫౌజుయి బిడ్డా. గీ కొట్లాటకు నేనొచ్చిన, ఫౌజు రాలే."

అన్నం ఉడికింది. ఎదురుగా లాఠీలతో పోలీసులు, పొద్దున్నుంచీ ఎండలోనే ఉన్నారు. సాబ్ మొదటి విస్తళ్లు వాళ్ల దగ్గరికే పట్టుకెళ్లారు. మా సంఘం పెద్ద సోమన్న అడ్డం తిరిగాడు.

"మనల్ని కొట్టనీకి వచ్చినోళ్లకు బువ్వ పెడుతున్నవా?"

"కట్టె పట్టుకున్నోడు ఆకలితోని ఉండొద్దు సోమన్నా. ఇన్నేండ్ల నౌకరీల నేను నేర్సుకున్నది గదే."

పోలీసులు తమ అధికారి వంక చూశారు. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఓ కుర్ర కానిస్టేబుల్ లాఠీని చంకలో ఇరికించుకుని విస్తరి అందుకున్నాడు. "మాదీ గీ జిల్లనే సాబ్, చిట్యాల" అన్నాడు. మిగతావాళ్లూ చేతులు చాపారు. సాయంత్రం రోడ్డు ఖాళీ చేయించేటప్పుడు ఒక్క దెబ్బ పడలేదు. అది అన్నం మహిమేనా అంటే నేను చెప్పలేను.

అందరి భోజనాలూ అయ్యాక చూస్తే, సాబ్ గుండిగ ముందు గొంతుక్కూర్చుని మాడు గీకుతున్నారు. అన్నం మిగల్లేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముందే తినొచ్చు గదా సాబ్?"

"ఆఫీసరు ఆఖర్న తింటడు బిడ్డా. ఫౌజు నుంచి గిదొక్కటే తెచ్చుకున్న" అంటూ నాకో పెచ్చు విరిచిచ్చారు.

రాష్ట్రం వచ్చింది. అది చూసే ఆయన కన్నుమూశారు. ఇవాళ పిల్లలంతా తిని లేచాక, గుండిగలో మాడు తప్ప ఏమీ లేదని వంటామె కంగారుపడింది. నాకోసం గుప్పెడు బియ్యం పెడతానంది.

"వద్దవ్వా, ఆ గుండిగ ఇటు జరుపు" అన్నాను.