తలుపుకు అంటించిన కాగితం

గోదెలీవకు పొట్ట కోస్తే అక్షరం ముక్క రాదు. ఆ సంగతి గెంట్ ఊరి కాలువల మీద తిరిగే సరుకు పడవల వాళ్ళలో ఒక్కరికీ తెలియదు, కట్టుకున్న మొగుడు అషీల్‌తో సహా. తెలియకపోగా, ఆవిడ మంచి చదువరి అని పేరు కూడాను! ఇదెక్కడి చోద్యం అంటారా, చెబుతాను వినండి.

ఆవిడ చిన్నతనంలో పడవల వాళ్ళ పిల్లలకు బడి ఎక్కడిది? పుట్టడం పడవలో, పాకడం పడవలో. ఇవాళ ఈ రేవు, రేపు ఆ రేవు. ఏదో ఊళ్ళో బళ్ళో కూర్చుని పలక పట్టేలోపే సరుకు దిగిపోయేది, పడవ కదిలిపోయేది. లీవ (అందరూ ఆవిడను అలాగే పిలిచేవారు) అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఆ ముసలమ్మ ప్రార్థనల పుస్తకం ఆసాంతం నోటికి చెప్పేది. మనవరాలూ అలాగే పట్టేసింది. పడుచుపిల్లగా ఉన్నప్పుడు ఒక ఆదివారం రేవు చర్చిలో పుస్తకం తెరిచి పట్టుకుని, అమ్మమ్మ చూపించిన చోటల్లా పేజీ తిప్పుతూ గడగడా చదువుతుంటే, వెనక బల్ల మీద కూర్చున్న అషీల్ తల్లి మురిసిపోయింది.

"మావాడు నిశాని, వేలిముద్ర బాపతు. వాడు చుక్కాని పడితే కాగితాల సంగతి చూసుకునే పిల్ల కావాలని ఎన్నాళ్ళుగానో మొక్కుకుంటున్నా. దేవుడే చూపించాడు" అంది.

లీవ కాదనలేదు. అషీల్ అందగాడు మరి. నిజం చెబితే సంబంధం తప్పిపోతుందని భయం. ఒక్క అబద్ధమే కదా అనుకుంది. అబద్ధం ఎప్పుడైనా ఒంటరిగా కాపురం చేసిందా!

నెట్టుకొచ్చింది. సరుకు కాగితం నీలం, సుంకం కాగితానికి ఎర్ర ముద్ర, అంతవరకు కంటితో పట్టేసేది. కొత్త కాగితం వస్తే లాకు గేట్ల దగ్గర ఆపరేటరు ముందు కళ్ళు నులుముకుంటూ, "ఈ చలిగాలికి కళ్ళు నీళ్ళు కారిపోతున్నాయి, కాస్త మీరే చదివి పెట్టండి బాబూ" అనేది. అషీల్ వెనక చుక్కాని దగ్గర ఉండేవాడు కాబట్టి ఇదేదీ అతని చెవిన పడేది కాదు. రేవుల్లో మాత్రం, "మా ఆవిడ ఫాదర్‌గారికి తీసిపోదు చదువులో" అని డప్పు కొట్టేవాడు. వింటున్న లీవ ఏదో పనున్నట్టు కేబిన్‌లోకి తప్పుకునేది.

వాళ్ళకొక్కతే కూతురు, ఇర్మా. ఆరేళ్ళది. వచ్చే శరత్కాలంలో పడవల వాళ్ళ పిల్లల కోసం సిస్టర్లు నడిపే హాస్టలు బడికి పంపాలని అషీల్ పట్టుదల. లీవకు మనసొప్పలేదు. పిల్ల మీద బెంగ అని చెప్పేది గానీ, బెంగ సగమే. చదువొచ్చిన పిల్ల ఇంటికొస్తే తన గుట్టు రట్టు కాదూ?

ఆ ఏడు జనవరిలో చలి ఎముకలు కొరికేస్తోంది. ఆంట్‌వెర్ప్ రేవులో గోధుమలు ఎత్తుకున్నారు. ధాన్యం గది మూతలు బిగించాక గోదాము గుమాస్తా ఒకడు పరుగున వచ్చి, పసుపు రంగు కాగితం అషీల్ చేతిలో పెట్టాడు. వాడు ఇంకా చాలా పడవలు చూసుకోవాలి.

"చదివి కేబిన్ తలుపుకు అంటించుకోండి. అశ్రద్ధ చేయొద్దు. ఏం, చదవడం వచ్చా?"

"ఏంటయ్యా ఆ ప్రశ్న! మా ఆవిడున్నది దేనికి?" అంటూ అషీల్ కాగితం లీవకిచ్చాడు. "చదువు లీవా, ఆయన కూడా వింటాడు."

పసుపు కాగితం ఆవిడ ఎన్నడూ చూడలేదు. మొగుడు పక్కనే ఉన్నాడు. చలిగాలి సాకు చెప్పడానికి లేదు. పెదవులు కదిలించింది. గుమాస్తా అప్పటికే పక్క పడవ వైపు నడుస్తున్నాడు.

"ఏముంటుంది, ఎప్పుడూ ఉండేదే. మూతల దగ్గర పొగ తాగొద్దట" అంది.

"అంతేకదా!" అని అషీల్ నోట్లోని చుట్ట తీసి నీళ్ళలోకి విసిరి, చుక్కాని దగ్గరికి పోయాడు.

లీవ పిండి ఉడికించి, ఆ జిగురుతో కాగితాన్ని కేబిన్ తలుపుకు లోపలివైపు అంటించింది. ఇర్మా పక్కన నిలబడి వేలితో వరుసలు తడిమింది.

"అమ్మా, ఇన్ని అక్షరాలకు అంతేనా?"

"గోదాము వాళ్ళు ఏదైనా పొడుగ్గానే రాసి ఏడుస్తారు. పో అవతలికి, జిగురు అంటుకుంటుంది!" అని కసిరింది లీవ.

చలికాలంలో పడవల వాళ్ళు పిల్లల్ని ధాన్యం గదికి ఆనుకుని ఉన్న చెక్క గోడ వైపు పడుకోబెడతారు. బయటి గోడ మంచుముద్దలా ఉంటుంది, ధాన్యం గోడ వెచ్చగా ఉంటుంది. తాతల నాటి అలవాటు, తప్పేమీ లేదు. ఆ సాయంత్రం లీవ కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి, ఇర్మాను ఆ వెచ్చని మూలన పడుకోబెట్టి, రెండు దుప్పట్లు కప్పింది. ఏదో వెల్లుల్లి కుళ్ళిన వాసన తగిలింది. కూరగాయల బుట్టలో ఏదో పాడైందనుకుంది.

తెల్లవారి అషీల్, లీవ తలలు పగిలిపోతూ, వాంతులు చేసుకుంటూ మెట్ల మీద పాక్కుంటూ పైకొచ్చారు. వాళ్ళ పక్క పైనుంచి గాలి తగిలే మెట్ల కింద ఉండబట్టి బతికారు. అషీల్ మళ్ళీ కిందికి దిగి ఇర్మాను ఎత్తుకొచ్చాడు. పిల్ల చెయ్యి చల్లగా వేలాడుతోంది. ఆ తర్వాత లీవ పెట్టిన కేక రెండు లాకుల అవతలికి వినిపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మధ్యాహ్నం పోలీసు వచ్చాడు. కేబిన్ తలుపు దగ్గర ఆగి పైకి చదవడం మొదలుపెట్టాడు. "ధాన్యంలో పురుగుల మందు వేయబడినది. విషవాయువు వెలువడును. సరుకు దించువరకు పడవలో ఎవరును నిద్రించరాదు..." అక్కడ ఆపేసి మొగుడూ పెళ్ళాల వైపు తిరిగాడు. "ఇంత స్పష్టంగా రాసుంటే ఎలా పడుకున్నారు? ఎవరూ చదవలేదా?"

అషీల్ పెళ్ళాం వైపు చూశాడు. ఒక్క చూపే. ఆ చూపులోనే అంతా అర్థమైపోయింది అతనికి.

"ఆవిడ చదివిందండీ. ఉన్నదున్నట్టు చదివి చెప్పింది. నేనే, ఈ చలిలో ఎక్కడికి పోతాంలే, ఏమీ కాదులే అన్నాను" అన్నాడు.

లీవ నోరు తెరిచింది. మాట రాలేదు. రాకూడదా ఆ ఒక్కసారైనా? రాలేదు.

అషీల్‌కు ఆరు నెలలు జైలు పడింది. పడవ నడిపే లైసెన్సు పోయింది. కాలువ పొడుగునా జనం బిడ్డను చంపుకున్నవాడన్నారు. లీవను చూసి, అయ్యో పాపం, చదివి చెప్పినా వినని మొండిమొగుడు దొరికాడని జాలిపడ్డారు. ఆ జాలి ఆవిడకు నిప్పుల మీద నడకే అయింది. జైలుకు చూడబోయినప్పుడు ఏడ్చి, "ఎందుకలా చెప్పావయ్యా?" అని అడిగితే, "నిన్నంటే పడలేవు. నేను పడగలను" అన్నాడు. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు.

బయటికొచ్చాక పడవ అమ్మేశారు. కొన్నవాడు లబలబలాడుతున్నా వినకుండా, అషీల్ కేబిన్ తలుపు ఊడదీసి భుజాన వేసుకొచ్చాడు. లాకు పక్కన అద్దె కొంపలో, వంటింట్లో రొట్టెలు పెట్టుకునే అలమరకు దాన్నే బిగించాడు. కాగితం బయటికి కనిపించేలా. పొద్దున్నా సాయంత్రం రొట్టె కోసం లీవ ఆ తలుపు తీయాలి. శిక్షగా చేశాడో, మరెందుకు చేశాడో, ఆవిడ అడగలేదు.

చాలా ఏళ్ళకు, జుట్టు నెరిశాక, సిస్టర్ల బళ్ళో నేల కడిగే పనికి కుదిరింది. ఒకరోజు చీపురు పక్కన పెట్టి, సిస్టర్ కొలెట్ దగ్గరికి వెళ్ళి తనకూ చదువు చెప్పమంది.

"ఈ వయసులో ఎందుకమ్మా?"

"ఒక కాగితం చదవాలి సిస్టర్."

"తీసుకురా, నేను చదివి పెడతాను."

"అందులో ఏముందో నాకు తెలుసు. నేనే చదవాలి."

ఆరేళ్ళ పిల్లల మధ్య చివరి బల్ల మీద కూర్చుంది. "లీవ బామ్మ మళ్ళీ తప్పు రాసిందీ!" అని వాళ్ళు కిచకిచ నవ్వేవారు. ఆ నవ్వుల్లో ఇర్మా నవ్వు వెతుక్కునేది. రెండు చలికాలాలు పట్టింది.

ఒక సాయంత్రం అషీల్ చారు ముందు కూర్చున్నాడు. లీవ రొట్టె కోసం అలమర దగ్గరికి వెళ్ళి, తలుపు తీయకుండా, కాగితం మీద వేలు పెట్టింది. కూడబలుక్కుంటూ పై నుంచి మొదలుపెట్టింది. అషీల్ చెంచా కింద పెట్టాడు. విషవాయువు. నిద్రించరాదు. అక్కడితో ఆపలేదు. పోలీసు చదవకుండా వదిలేసిన వరుసలన్నీ చదువుకుంటూ అట్టడుగుకు వచ్చింది. చివరి వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

"మూతల వద్ద... పొగ తాగరాదు."

అషీల్ చారు గిన్నె పక్కకు జరిపాడు. "మళ్ళీ చదువు ఆ ఆఖరి ముక్క" అన్నాడు.

చదివింది.

"అయితే ఆ రోజు నువ్వు చెప్పింది ఇందులో ఉంది" అన్నాడు. ఇన్నేళ్ళుగా దానికోసమే చూస్తున్నవాడిలా కాగితం వైపు ముందుకు వంగాడు. "పూర్తిగా అబద్ధం కాదన్నమాట లీవా."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పిల్ల అడిగింది అషీల్. ఇన్ని అక్షరాలకు అంతేనా అమ్మా అని అడిగింది. దాన్ని కసిరి పంపేశాను."

ఆ మాట ఆవిడ అంతవరకు ఎవరికీ చెప్పలేదు. చారు చల్లారిపోతోంది. తలుపు తీయడానికి లీవకు చెయ్యి రాలేదు. చివరికి అతనే లేచి, ఆవిడను పక్కకు జరిపి, తలుపు తీసి రొట్టె బయటికి తీశాడు.