అండాలమ్మ ఇటుక రంగు చామంతి

ఎల్బీనగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ డాబా మీద ఈ ఏడు పూలన్నీ సగం కడిగేసిన రంగులే. లేత ఊదా, పాల తెలుపు. ఎవరో ఫోన్‌లో చూశారు, అంతే, గొర్రెల మందలా అందరూ వాటి వెంట పడ్డారు. ఒక్క అండాలమ్మ కుండీల్లో మాత్రం పాత చామంతే. కాల్చిన ఇటుక రంగు. నల్లగొండ దగ్గరి పుట్టింటి నుంచి పిలకలు తెచ్చుకుంది. పూత అయిపోగానే చెట్టు కోసేసి, కొత్త పిలకలు తీసి, ఎండాకాలమంతా మంచం నీడన బతికించి, ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క రంగునే నిలబెట్టుకొస్తోంది. "గా రంగంటే నాకు పానం" అంటుంది, అడిగినా అడక్కపోయినా.

ఆదివారం మిద్దె తోటల పోటీ. అపార్ట్‌మెంట్ సెక్రటరీ పట్టాభి ముందురోజే వచ్చాడు. "రేపు పోటీకి ఫొటో తీస్తాను, ఇవి అందులో మురికిగా కనబడతాయి పిన్నిగారూ. పూలూ మొగ్గలూ తుంచేయండి, ఆకులుంటే చాలు. మీరు తుంచకపోతే రేపు నేనే తుంచేస్తాను."

"ఆకులే గావాల్నంటే కొత్తపేట రైతుబజార్ల తోటకూర కట్టలు దొర్కుతయి. తెచ్చి పెట్టుకో పో" అని పంపేసింది.

పట్టాభి మొండివాడు. పొద్దున్నే కత్తెరతో డాబా ఎక్కాడు. అండాలమ్మ అప్పటికే తన కుండీల ముందు పీట వేసుకుని కూర్చుంది. ఆయన ఇంకా నసుగుతుండగానే జడ్జి విజయశ్రీ వచ్చేసింది.

జడ్జి వంగి, ఆకు తిప్పి చూసి, పెంపకం బంగారమంది. "ఇదే లావెండర్ అయ్యుంటే మొదటి బహుమతి మీదేనండీ. పోనీ, మీ వయసుకి తెల్లవైనా వేసుకోవాల్సింది. హుందాగా ఉండేవి."

మంచిమాటే అనుకుంది పాపం. అండాలమ్మకు మాత్రం ఒళ్లు మండింది. భర్త అంజయ్య పోయి ఎనిమిదేళ్లు. ఆనాటి నుంచి ఆమె పూలు వాడకట్టు ఆడవాళ్ల జడల్లోకే పోయాయి. తన తలలో ఒక్కటి పెట్టుకోలేదు. వద్దని ఎవరూ నోరు తెరిచి అనలేదు, అనాల్సిన పనీ లేదు. ఇప్పుడు కుండీలకు కూడా తెల్లచీర కడతారన్నమాట.

"ఆ కత్తెర ఇటియ్యి" అంది. దారికొచ్చిందనుకుని పట్టాభి సంబరంగా ఇచ్చాడు.

అరచేయంత పువ్వును కాడతో కత్తిరించి, నెరిసిన కొప్పులో గుచ్చుకుంది.

"తెలుపు నా నెత్తి మీద మస్తుగున్నదమ్మా. కుండీలల్ల గూడ ఎందుకు?" అని పట్టాభి వైపు తిరిగింది. "ఫొటో తీస్తనంటివి గదా. తియ్యి."