వెనక సీటు గాలం

ఓడెల్ ప్రూయిట్‌కి పడవ లేదు. అలబామాలో పీనీ ఫోర్క్ రిజర్వాయరు పక్కనే పుట్టి, యాభై ఎనిమిదేళ్లొచ్చి, పడవ లేకుండా బాస్ చేపల క్లబ్బులో ఇరవై రెండేళ్లు నెట్టుకొచ్చినవాడు అతనొక్కడే. అలాంటివాణ్ణి అక్కడ వెనక సీటువాడంటారు. పోటీ రోజు పొద్దున్నే చీటీలు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ల పడవలో వెనక కూర్చోవాలి. పడవ ఏ నాచు పక్కన ఆగాలో, ముక్కు ఎటు తిప్పాలో ముందు నిలబడ్డవాడి ఇష్టం. వాడు గాలం వేసి వదిలేసిన నీళ్లే వెనకవాడికి. ఎంగిలి నీళ్లు.

ఓడెల్ పని కోళ్ల ఫ్యాక్టరీలో. బతికున్న కోళ్లను తలకిందులుగా కొక్కేలకు తగిలించే పని, ఇరవై తొమ్మిదేళ్లుగా. వేళ్లు వంకర తిరిగిపోయాయి. అయితే ఆ వంకర వేళ్లు గాలానికి ముడి వేస్తే తెగిందని చెప్పినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

శనివారాలు పోటీ లేకపోతే ఫేనెల్ నడిపే ఎరల కొట్లో, ఐసుపెట్టె పక్కన విరిగిన ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. పడవలున్న మొగాళ్లంతా అక్కడికే వచ్చేవాళ్లు.

"ఓడెల్, నిన్నటి వానకి నీళ్లు బురదయ్యాయి. ఏం వెయ్యమంటావు?"

"ఎర ఎంత లోతులో కనపడకుండా పోతోంది?"

"జానెడు."

"మరి నల్లది వెయ్యి, నీలం చుక్కలున్నది. చప్పుడు చేసేది. అంత బురదలో చేప కళ్లతో వెతకదు, ఒంటితో వింటుంది."

ఆ తర్వాత వాళ్ల కర్ర అందుకుని తనే ముడి వేసేవాడు. తంగూసును గాలం కన్నులోంచి రెండుసార్లు తీసి, మెలిపెట్టి, నోటి దగ్గరకు తెచ్చుకుని ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించేవాడు. ప్రతివాడికీ అదే పాఠం.

"పొడిగా బిగించావో, ఆ రాపిడికి తంగూసు లోపల కాలిపోతుంది. పైకేం కనపడదు. చిన్న చేపలకి ఆగుతుంది కూడా. పెద్దది పడ్డప్పుడు చూస్కో."

వాళ్లు ఆ ఎర వేసి, ఆ ముడితో కప్పులు గెలిచి, వాటిని ఇళ్లల్లో అద్దాల బీరువాల్లో పెట్టుకున్నారు. అతనికి మాత్రం ఉమ్మి ప్రూయిట్ అని పేరు పెట్టారు. చీటీ రాకుండా, ఊరికే ఒక ఆదివారం పడవలోకి రమ్మన్నవాడు ఒక్కడూ లేడు.

అక్టోబరులో రాష్ట్రం పోటీ. క్లబ్బు నుంచి పడవలవాళ్లు ఆరుగురు, వెనక సీటువాడు ఒక్కడు వెళ్తారు. వెనక సీటువాళ్లలో, ఏడాదిలో ఎనిమిది శనివారాలు పట్టిన చేపల మొత్తం తూకం ఎవరిది ఎక్కువైతే వాడు. ఓడెల్ మూడుసార్లు రెండోవాడిగా ఆగిపోయాడు. ఈ ఏడాది ఏడు శనివారాలు గడిచేసరికి తొమ్మిది ఔన్సులు ముందున్నాడు. వెనక తరుముతున్నవాడు కోడీ. ముప్పై ఏళ్లవాడు, కరెంటు పనులు చేస్తాడు. క్లబ్బు పెద్ద రాండల్ స్టెగాల్‌కి అల్లుడు.

రాష్ట్రం పోటీకి వేసుకునే క్లబ్బు చొక్కాలు కుట్టి రావడానికి మూడు వారాలు పడుతుందని క్లబ్బు లెక్కలు కూడా చూసే ఫేనెల్ ముందే ఓడెల్ పేరుతో ఆర్డరిచ్చేసింది. నీలం చొక్కా, వీపు మీద తెల్ల అక్షరాల్లో ప్రూయిట్. కొట్టులో ఆమె కుర్చీ వెనక ప్లాస్టిక్ కవరులో వేలాడుతుండేది. ఓడెల్ రోజూ ఫ్యాక్టరీ నుంచి వెళ్తూ లోపలికొచ్చి చూసేవాడు. ముట్టుకునేవాడు కాదు. తన చేతులు కోళ్ల వాసన.

ఎనిమిదో శనివారం ఫేనెల్ బకెట్లోంచి చీటీలు తీసి చదివింది. కోడీకి ఎవరిదో పడవ వచ్చింది. ఓడెల్‌కి రాండల్ పడవ వచ్చింది. గుంపులో ఎవడో కిసుక్కుమన్నాడు.

"ఏరా ఓడెల్, మొహం అలా పెట్టావేం?" అన్నాడు రాండల్. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. "నా సీట్లో ముళ్లేమైనా ఉన్నాయా?"

"ముళ్లు సీట్లో లేవులే," అంది ఫేనెల్ కాగితం మీంచి తల ఎత్తకుండా.

రాండల్ పడవ ముక్కును ఒడ్డుకేసి పెట్టి, రేవు గుంజల వెంబడే నడిపాడు. ముందుగా అతని గాలమే ప్రతి గుంజ మొదట్లోనూ, నాచు కింద ప్రతి నీడలోనూ పడింది. లావు తంగూసు, పెద్ద కర్ర, పిడికెడంత ఎర. చేపను ఊరించడాల్లేవు, పెరికి లాగడమే. వెనక మిగిలింది లోతు పక్క ఒక్కటే. ముప్పై అడుగుల ఖాళీ నీళ్లు.

"అటు వేసుకోరా, బోలెడంత చోటు," అన్నాడు రాండల్. "ఆకాశమంత ఉంది."

ఓడెల్ తెచ్చుకున్న ఐదు కర్రల్లో నాలుగింటికి పాత మేజోళ్లు తొడిగి పక్కన పెట్టేశాడు. అన్నిటికంటే సన్నది తీశాడు. వెంట్రుకలాంటి తంగూసు, చిటికెన వేలంత రబ్బరు వానపాము, దానికి అడుగు కిందగా సీసం గుండు. గుండు నేలకు ఆనుతుంది, వానపాము నీళ్లలో వేలాడుతుంది. కర్ర కొస వణికించాలి కానీ గుండు కదలకూడదు.

"అది మా అమ్మమ్మ కుట్టుపనికి వాడే దారం," అన్నాడు రాండల్.

"మీ అమ్మమ్మకి నీకంటే చేపలెక్కువ పడేవి."

రాండల్ నవ్వాడు. లోతు పక్క నీళ్ల అడుగున పాత నది మడుగు ఉందని, ఎండ ముదిరాక పెద్దవన్నీ దాని అంచుకే దిగుతాయని ఇద్దరికీ తెలుసు. ఆ అంచు సరిగ్గా ఎక్కడుందో మాత్రం ఓడెల్‌కే తెలుసు. రిజర్వాయరు కట్టకముందు అది వాళ్ల తాత మొక్కజొన్న వేసిన గట్టు.

మొదటిది చిన్నది, వదిలెయ్యాల్సిందే. నోరు తెరిచి చూస్తే గొంతులోంచి అది మింగిన చిన్న చేప వెండి తోక బయటికొచ్చి ఉంది. ఎండ్రకాయలు తినడంలేదన్నమాట. ఓడెల్ గోధుమరంగు వానపాము పీకేసి చిన్న చేపలా కనపడే బూడిదరంగుది గుచ్చాడు. పదకొండయ్యేసరికి తూకానికి ఒప్పుకునే ఐదు చేపలూ నిండాయి. ఒక్కొక్కటీ రెండు పౌన్లకు తగ్గదు. రాండల్‌కి రెండే పడ్డాయి. ఆ రెండూ పడవ ముందున్న, చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టిలో ఉన్నాయి. ఓడెల్‌వి వెనక తొట్టిలో. రెండు తొట్లకీ నీళ్లు మార్చే పంపులు వేరు, స్విచ్చులు రెండూ రాండల్ మోకాలి దగ్గరే.

అప్పట్నుంచి రాండల్ మాటిమాటికీ వెనక తొట్టికేసి చూడసాగాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి సీటు కింద పంపు గుడగుడ ఆగిపోయింది. ఓడెల్ విన్నాడు. ముందు తొట్టిది ఇంకా ఆడుతోంది.

"రాండల్, నా పంపు ఆగింది."

"టైమరు మీద ఉంది. వస్తుంది."

పావుగంట చూశాడు. రాలేదు. మూత ఎత్తబోయాడు.

"ఊరికే తెరవకురా, వేడి గాలి పోతుంది లోపలికి. చేపలు పట్టడం నేర్చావు గానీ పడవ సంగతి నీకేం తెలుసు?"

స్విచ్చు నాలుగడుగుల దూరంలో ఉంది. లేచి చెయ్యి చాపితే అందుతుంది. ఇంకొకడి పడవలో స్విచ్చు ముట్టుకోవడమంటే ఆ ఒడ్డున ఇంకొకడి పళ్లెంలో చెయ్యి పెట్టడమే. ఇరవై రెండేళ్లలో ఓడెల్ ఆ పని చెయ్యలేదు. అది చేస్తే మర్నాటినుంచి ఎవడి పడవలోనూ చోటుండదు. చేతులు తొడల కింద పెట్టుకు కూర్చున్నాడు. టోపీతో నీళ్లు ముంచి మూత సందులోంచి పొయ్యబోతే రాండల్ పెద్ద ఇంజను లాగాడు. పడవ రిజర్వాయరుకి అడ్డంగా అరగంట ఎగిరింది. ఆ కుదుపులకి తొట్టిలో నీళ్లు కింది గొట్టంలోంచి బయటికి పోతున్న చప్పుడు ఓడెల్ వీపుకి వినిపిస్తూనే ఉంది.

తూకం దగ్గర మూత తెరిచారు. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు. నాలుగు చేపలు తెల్ల పొట్టలు పైకి పెట్టాయి. ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"పదకొండు పౌన్లు ఆరు ఔన్సులు," అంది ఫేనెల్. క్లబ్బు రూలు ఆమె రాసింది కాదు. బతికున్న చేపను తూచి మళ్లీ నీళ్లలో వదలాలి. చచ్చినదానికి నాలుగు ఔన్సులు కోత, పౌనుకి పదహారు ఔన్సులు. "నాలుగు చచ్చినవి. పౌను పోతుంది. పది పౌన్ల ఆరు."

కోడీ సరిగ్గా పదకొండు పట్టాడు. ఏడాది మొత్తం మీద ఒక్క ఔన్సు తేడా. ఓడెల్ వెనకబడ్డాడు.

"పంపు ఆపాడు," అన్నాడు ఓడెల్.

"ఎవడ్రా ఆపింది? చూశావా నువ్వు?" రాండల్ గుంపువైపు తిరిగాడు. "వేడి రోజు. బాస్ చేపలంతే, సున్నితం. చెప్పు, నేను స్విచ్చు మీద చెయ్యి వెయ్యడం చూశావా?"

చూడలేదు. విన్నాడు. వినికిడికి రూల్లో చోటు లేదు. గుంపులో సగంమందికి సంగతి అర్థమైంది. వాళ్ల చూపులన్నీ ఉడకబెట్టిన వేరుశెనగల గిన్నె మీదే ఉన్నాయి.

చచ్చిన చేపల్ని పారెయ్యరు. షెడ్డు కింద మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించి అందరూ తింటారు. ఎవరు కొయ్యాలన్న ప్రశ్న వచ్చింది.

"ఓడెల్ కోస్తాడు. వాడి చెయ్యి స్పీడు, రోజూ ఉండేది కోళ్ల ఫ్యాక్టరీలోనేగా," అన్నాడు రాండల్.

ఓడెల్ కోశాడు. నాలుగు చేపలూ, పొలుసు తీసి, ముళ్లు తీసి, ఎనిమిది ముక్కలు. అతనికి కూడా ఒక పళ్లెం పెట్టారు. వెన్న రాసిన మొక్కజొన్న ఉండలతో సహా తిన్నాడు. అందరి కళ్లూ పళ్లెం మీదే ఉన్నాయని తెలిసి, ఆఖరి ముక్క దాకా తిన్నాడు.

కొత్త చొక్కా కుట్టించే టైము లేదు. ప్రూయిట్ అన్న అక్షరాల మీద వెడల్పాటి బూడిదరంగు టేపు అంటించి, దాని మీద మార్కరుతో కోడీ అని రాసి ఇచ్చారు.

పోటీకి రెండ్రోజుల ముందు సాయంత్రం కోడీ ఆరు కర్రలు చంకన పెట్టుకుని ఓడెల్ ఇంటికొచ్చాడు. గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"బాబాయ్, పంపు సంగతి నాకు తెలీదు. తెలిస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు."

"తెలిశాక?"

కోడీ బూట్లకేసి చూశాడు. "మామ ఒప్పుకోడు. క్లబ్బు పేర్ల కాగితం పంపేసింది."

"సరే. కూర్చో. నీళ్లెలా ఉన్నాయట అక్కడ?"

"తేట. పదిహేనడుగులు కనపడతాయట."

ఓడెల్ అంతా నిజమే చెప్పాడు. సన్నటి తంగూసు, చిన్న గాలం, పొగరంగు వానపాము. మబ్బుంటే ఊదా. కర్ర కొస వణికించాలి, గుండు కదలకూడదు. చేప లాగితే నువ్వు లాగొద్దు, కర్ర వంగేదాకా ఊరుకో. కోడీ సిగరెట్టు పెట్టె వెనక రాసుకున్నాడు. అంత ఓపికగా అతనికి ఎవరూ, సొంత తండ్రి కూడా, ఏదీ చెప్పలేదు.

ఆ తర్వాత ఓడెల్ కర్రలు ఒక్కొక్కటిగా ఒళ్లోకి తీసుకుని ముళ్లు వేశాడు. కన్నులోంచి రెండుసార్లు, మెలిక, ఆపైన ఒక్క లాగు. ఆరుసార్లూ గట్టిగా, చురుగ్గా. కోడీ రాసుకున్నది చదువుకుంటున్నాడు.

"నీ ముడి తెగదంటారు బాబాయ్ అందరూ."

"అంటారు," అన్నాడు ఓడెల్. అతని పెదాలు పొడిగా ఉన్నాయి.

పోటీ మొదటిరోజు కోడీకి ఐదు చిన్నవి పడ్డాయి. ముడి ఆగింది. రెండోరోజు మధ్యాహ్నం ఎనిమిది పౌన్లు దాటిన చేప ఒకటి పడవ పక్కకొచ్చి, చేతివల అందేలోపు ఒకసారి తల విదిల్చింది. తంగూసు తేలిగ్గా వెనక్కొచ్చింది. కోడీ ఇంకో కర్ర తీశాడు. అదీ అంతే. పోటీ ముగిసేసరికి అతను పడవలో మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడని, అవతలి పడవవాళ్లు ఫోనులో తీశారని చెప్పుకున్నారు. క్లబ్బు ఆఖరున వచ్చింది.

సోమవారం రాండల్ ఎరల కొట్టుకొచ్చాడు. బయట బండిలో కోడీ మొహం మీద టోపీ పెట్టుకుని ఉన్నాడు, దిగలేదు. రాండల్ జేబులోంచి జానెడు తంగూసు ముక్క తీసి ఐసుపెట్టె మీద పెట్టాడు. దాని కొస పంది తోకలా ముడుచుకుని, తెల్లగా కాలి ఉంది. ఆ కొస ఏం చెబుతుందో ఆ కొట్టులో ముగ్గురికీ తెలుసు.

"ఇదేంట్రా ఓడెల్?"

ఓడెల్ ముక్కను వెలుతురుకు పెట్టి చూశాడు.

"సన్న తంగూసంతే రాండల్, సున్నితం. నేను పొడిగా ముడెయ్యడం ఎవరైనా చూశారా?"

రాండల్ ఫేనెల్ వైపు చూశాడు. ఆమె సీసం గుండ్లు సైజులవారీగా వేరు చేస్తోంది. అతను అక్కడే నిలబడి ఉండగా ఓడెల్ తన కర్ర ఒళ్లోకి లాక్కున్నాడు. కన్నులోంచి రెండుసార్లు తీసి, మెలిపెట్టి, ముడిని నాలుక మీద పెట్టి బాగా తడిపి, రాండల్ కళ్లలోకి చూస్తూ మెల్లగా బిగించాడు.