ముందు మా కొట్లోనే

మా అక్కకి గుండీల కొట్టు ఉండేది. పన్నెండు అడుగుల గది, మూడు గోడలకీ నేల నుంచి కప్పు దాకా రేకు పెట్టెలు. ఒక్కో పెట్టెకి బయట, లోపలున్న గుండీ ఒకటి దారంతో కట్టి ఉండేది. చొక్కా గుండీలు, కోటు గుండీలు, చంటిపిల్లల గౌన్లకి వేసే పూల గుండీలు, అన్నీ కలిపి మూడు వేల పైచిలుకు రకాలు. వాటిని లెక్కపెట్టడం, పొట్లాలు కట్టడం, దర్జీలతో వాదించడం నా పని. తమ్ముణ్ణి కదా, జీతం అడిగితే "తిన్నావా?" అని అడిగేది.

చెప్పాల్సింది మా బావ గురించి, అంటే అక్క మొగుడి గురించి. ఆయనకి ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు పడిపోకుండా చూసుకునే ఉద్యోగం. మెతక మనిషి. టీ చల్లారిపోయిందని చెప్పినా తాగేవాడు, కాలుతోందని చెప్పినా తాగేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అంటారే, ఆ ఉలిపికట్టె ఈయనే. నేను మొహం మీదే అలా పిలిచేవాణ్ణి. నవ్వేవాడు.

అక్క ఆన్‌లైన్‌లో కూడా అమ్ముదామనుకుంది. అప్పటికి అద్దెకి దొరికే ఆన్‌లైన్ కొట్లన్నీ బట్టలకీ చెప్పులకీ కట్టినవి. గుండీ సంగతి వాటికి తెలియదు. ఒకే గుండీని విడిగా అమ్మాలి, డజనుగా అమ్మాలి, పన్నెండు డజన్లు కలిపీ అమ్మాలి. అదే గుండీ పది రంగుల్లో, ఆరు సైజుల్లో ఉంటుంది. రెండు కన్నాలది అడిగినవాడికి నాలుగు కన్నాలది పంపితే మొహాన కొడతాడు. వారం రోజులు అక్క పడుతున్న తిప్పలు చూసి "నేనే కడతానులే" అన్నాడు బావ.

ఆరు నెలల్లో కట్టాడు. బ్రహ్మాండంగా ఉంది, కాదనను. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. రాసిందంతా తీసుకెళ్ళి నెట్‌లో పెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు, క్లౌడ్ అని పిలిచే అద్దె కంప్యూటర్ల మీద ఒక్క పూటలో సొంత కొట్టు తెరుచుకోవచ్చు. దీన్ని ఓపెన్ సోర్స్ అంటారని నాకు మూడుసార్లు చెప్పాడు.

"అంటే ఊరికే ఇచ్చెయ్యడమే కదా బావా?"

"ఊరికే కాదురా, అందరికీ."

ఆ రెండింటికీ తేడా నాకు ఇప్పటికీ తెలియదు.

ముందు సబ్బులు చేసే ఒకావిడ తీసుకుంది. తర్వాత గడియారాలు బాగుచేసే ఆయన, ఆ తర్వాత సైకిల్ సామాన్ల వాళ్ళు. నాలుగేళ్ళలో రెండు వేల కొట్లయ్యాయి. ఎక్కడెక్కడి మనుషులో ఉత్తరాలు రాసేవాళ్ళు. మీ వల్ల మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందని ఒకావిడ రాస్తే, బావ అది అక్కకి చదివి వినిపించాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం మానేశాడు. అక్క వద్దనలేదు. ఇల్లు ఇక గుండీల మీదే నడవాలి, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

బావకి ఒక నియమం ఉండేది. కొత్తగా ఏ మార్పు చేసినా ముందు మా కొట్లో పెట్టాలి. వారం రోజులు ఇక్కడ నడిచాకే మిగతా వాళ్ళకి వదలాలి. "తెలియని వాళ్ళ కొట్ల మీద ప్రయోగాలు చెయ్యడం పాపం" అనేవాడు. మొదట్లో అక్కకి ఇది గొప్పగా ఉండేది. "అందరికంటే ముందు మనకే" అని దర్జీలకి చెప్పుకునేది.

ముందు వచ్చేది కొత్త వసతి ఒక్కటే కాదు, దాని వెనకున్న తప్పులన్నీ కూడా మాకే ముందు వచ్చేవి. ఒకసారి డజను ధర విడి గుండీకి పడింది. ఒకసారి నల్ల గుండీలని వెతికితే తెల్లవి తప్ప ఏమీ కనపడలేదు. ఇంకో వారం పొట్లాలన్నీ చివరగా కొన్న ఒక్క మనిషి చిరునామాకే వెళ్ళాయి. ఆ మహానుభావుడు ఓపికగా పద్నాలుగు పొట్లాలు తిప్పి పంపాడు, మళ్ళీ మా గడప తొక్కలేదు. ఒక శనివారం వచ్చిన నలభై ఒక్క ఆర్డర్లు కనపడకుండా పోయాయి. ఎవరు ఏం కొన్నారో దేవుడికే తెలియాలి.

ప్రతిసారీ బావ గంటలో సరిచేసేవాడు. మిగతా రెండు వేల కొట్లకి ఆ తప్పు చేరేదే కాదు. ఇన్నేళ్ళలో ఒక్క ఇబ్బందీ పడలేదని సబ్బులావిడ రాసింది. పడదు మరి, ఆవిడ పడాల్సినవన్నీ మేం పడుతున్నాం. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత. నాకు ఒళ్ళు మండేది. అక్కతో అంటే "ఆయన కావాలని చేస్తున్నారా?" అనేది. నిజమే, కావాలని చెయ్యలేదు. అందుకే తిట్టడానికి కూడా నోరు వచ్చేది కాదు.

యూనిఫాంలు కుట్టించే ఒక పెద్దావిడ ఉండేది. కింద ముప్ఫై మంది కుట్టేవాళ్ళు. మా సరుకులో సగం ఆవిడే కొనేది. బడులు తెరిచే ముందు ఆరు వేల గుండీలు కావాలని ఆర్డరు పెట్టింది. సరిగ్గా ఆ వారమే బావ కొత్త మార్పు పెట్టాడు. ఒకే ఆర్డరు పొరపాటున రెండుసార్లు పడితే కంప్యూటరే కనిపెట్టి అదనపుది కొట్టేస్తుంది. ఆవిడ ఆర్డరు మూడుసార్లు పడింది. కంప్యూటరు ఆ మూడింటినీ కొట్టేసింది. ఆవిడకి మాత్రం సరుకు బయల్దేరిందని మూడు సందేశాలు వెళ్ళాయి. ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంది. మేం ఇక్కడ తీరిగ్గా టీ తాగుతూ కూర్చున్నాం.

తొమ్మిదో రోజు కొట్టుకి వచ్చింది. అరుస్తుందేమోనని నేను పెట్టెల వెనక్కి జరిగాను. అరవలేదు.

"చొక్కాలన్నీ గుండీల్లేకుండా మడత పెట్టి ఉన్నాయమ్మా. నిన్న వేరే చోట కొనేశాను" అంది.

"ఈ ఒక్కసారికి క్షమించండి, పెద్దమ్మా" అంది అక్క.

"ఒక్కసారా? పోయినేడు కోటు గుండీలు, అంతకుముందు పూల గుండీలు. మీ ఆయన మంచివాడే, నాకు తెలుసు. కానీ నా కింద ముప్ఫై మంది ఉన్నారు కదమ్మా."

వెళ్తూ వెళ్తూ అక్క తల ఒకసారి నిమిరింది. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అక్క బావ ఎదురుగా కూర్చుంది. అన్నేళ్ళలో ఆయన పని గురించి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"మన కొట్టు చివర పెట్టండి. కొత్తవి ముందు వేరేవాళ్ళ దగ్గర చూసుకోండి."

"ఎవరి దగ్గర?" అన్నాడు బావ.

"ఎవరి దగ్గరైనా."

"పేరు చెప్పు. నువ్వు చెప్పినవాళ్ళ మీదే వేస్తాను."

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అక్క ఆలోచించింది. సబ్బులావిడా? ఆవిడకి పసిపిల్ల. గడియారాలాయనా? ఆయనకి చూపు ఆనదు. ఆ ఉత్తరాలన్నీ అక్క విన్నది కదా. ఒక్క పేరు కూడా చెప్పలేకపోయింది. పక్కనుంచి నేను నాలుగు పేర్లు చెప్పాను, ఇద్దరూ నన్ను పురుగుని చూసినట్టు చూశారు.

"అయితే నన్ను వదిలెయ్యండి. ఇప్పుడు ఆన్‌లైన్ అద్దె కొట్లలోనూ గుండీలు అమ్ముకోవచ్చట, అక్కడికి మారిపోతాను" అంది అక్క.

బావ కంప్యూటరు తెరిచి ఏదో వెతికాడు. తర్వాత "దానికి దారి లేదు" అన్నాడు. అడ్డుపడుతున్నాడేమో అనుకుని నేను లేచాను. విషయం అది కాదు. కొట్టు తెరవడానికి ఒక్క పూట చాలు గానీ, ఉన్న కొట్టుని సరుకుతో, బొమ్మలతో, కొనేవాళ్ళ వివరాలతో బయటికి తీసుకెళ్ళే ఏర్పాటు అందులో లేదు. వెళ్ళిపోవాలని ఎవరైనా అనుకుంటారని ఆ పిచ్చి మనిషికి తట్టనే లేదు.

ఎనిమిది రోజులు కూర్చుని ఆ దారి వేశాడు. నియమం ప్రకారం ముందు మా కొట్టు మీదే నడిపాడు. మూడు వేల రకాలూ, ప్రతి గుండీ బొమ్మా, కన్నాల లెక్కతో సహా, ఒక్క తప్పు లేకుండా అవతలికి చేరాయి. ఆయన కట్టినవాటిలో మొదటిసారే సవ్యంగా నడిచింది అదొక్కటే. "బాగా వచ్చిందండీ" అంది అక్క. తల ఊపాడు.

అయినా చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? వెళ్ళిపోయినవాళ్ళు మేం కొత్త చోటికి మారామని కనుక్కుని మరీ వస్తారా? కొట్టు ఏడాది ఈడ్చి మూసేశాం. రేకు పెట్టెలన్నీ బయటి గుండీలతో సహా ఒక టోకు వ్యాపారి పట్టుకెళ్ళాడు. అక్క ఇప్పుడు ఒక దర్జీ దగ్గర కాజాలు కుడుతోంది. నేను పార్సిల్ గోదాములో మూటలు ఎత్తుతున్నాను.

ఆ దారిని కూడా బావ అందరికీ ఇచ్చేశాడు. ఇవ్వకుండా ఉంటే ఆయన బావ ఎలా అవుతాడు? ముందు సబ్బులావిడ అందులోంచి వెళ్ళింది, చాలా సులువుగా ఉందని మెచ్చుకుంటూ. తర్వాత గడియారాలాయన. పెద్ద కంపెనీలు ఇంకా తేలికైనవి తెచ్చాయి, పోక ఏం చేస్తారు? ఇప్పుడు మూడు వందల కొట్లు కూడా లేవు. వాళ్ళ కోసం బావ ఇంకా మార్పులు చేస్తూనే ఉన్నాడు. ముందు పెట్టి చూసుకోవడానికి కొట్టు లేదు కాబట్టి, మా కొట్టుని ఉన్నదున్నట్టు తన కంప్యూటర్లో మళ్ళీ నిలబెట్టాడు. అది నాకు మొన్నటిదాకా తెలియదు.

మొన్న ఆదివారం పొద్దున వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ కంప్యూటరు గంట కొట్టింది, ఆర్డరు వస్తే కొట్టే గంట. అక్క కుడుతున్న చొక్కా ఒళ్ళోంచి జారిపోతున్నా చూసుకోకుండా లేచింది.

"ఎవరిదండీ? ఎంత?"

బావ తిరిగి చూడలేదు. "నాలుగు డజన్లు. నీలం, రెండు కన్నాలవి" అన్నాడు. తెర వైపే చూస్తూ "నేనే పెట్టానే. పరీక్షకి" అన్నాడు.

అక్క లేచినచోటే నిలబడిపోయింది. నాకు ఆ మనిషిని పట్టుకుని నాలుగు తన్నాలనిపించింది. దగ్గరికి వెళ్ళేసరికి ఆ ఆర్డరు చెరిపే మీట మీద వేలు పెట్టి ఉన్నాడు.

"కొట్టేస్తానులే" అన్నాడు బావ.

"వద్దు, ఉండనివ్వండి. ఇవాళ అదొక్కటే కదా వచ్చింది" అంది అక్క.