దేవుణ్ణి నిద్రపుచ్చే ఆయన

తిరుపతిలో మా వీధి గుడి పూజారి గారు ఆవులించకుండా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. రోజూ రాత్రి దేవుడికి పాలు నైవేద్యం పెట్టి, జోల పాడి పవళింపజేసే ఆయనకు మాత్రం నిద్ర పట్టదు.

"స్వామికి నేనుండాను. నాకెవరుండారప్పా?" అనేవారు.

చివరికి నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "ఏళ్ల తరబడి నిద్ర లేకపోతే బీపీ, షుగరు రావచ్చు, గుండెకూ ముప్పే" అన్నాడు డాక్టరు. ఆ మాటకు బెదిరిపోయి పూజారి గారి భార్య సాయంత్రం కాఫీ మాన్పించింది, రాత్రి ఆ జోలపాటే ఆయనకూ పాడింది.

మర్నాడు సుప్రభాతానికి వెళ్లినవాళ్లం ఎండెక్కేదాకా మూసిన తలుపుల ముందే నిలబడ్డాం. పూజారి గారు పంచె సర్దుకుంటూ పరుగున వచ్చారు.

"ఏం అయ్యోరా, ఇంత పొద్దెక్కినాక వచ్చినారే?" అన్నాను.

ఆయన ఒక్క ఆవలింతా లేకుండా తాళం తీస్తూ అన్నారు: "యుగాల నుంచీ స్వామిని చీకట్నే లేపుతుండాం. ఆయన గుండె ఏం గావాలప్పా?"