బొట్టు పెట్టిన తుపాకీ

మా బాబాయి తుపాకీని గోడ మీంచి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి, పట్టుకోవడానికి బాబాయి మీసం కావాలి. రెండు గొట్టాలది. మా తాత ఏ కాలంలోనో బాతుల వేటకి కొన్నాడట. దాంతో ఒక్క బాతు చచ్చిన దాఖలా లేదు గానీ, దాని చప్పుడుకి కొల్లేటి బాతులన్నీ మూటాముల్లె సర్దుకుని సైబీరియా వెళ్ళిపోయాయని మా ఇంట్లో చెప్పుకునేవారు.

నాకు బుద్ధి తెలిసేసరికి దానికి రెండే పనులు మిగిలాయి. ఎలక్షన్లొస్తే పోలీసు స్టేషన్లో అప్పజెప్పబడటం, దసరాకి పూజ చేయించుకోవడం. ఆయుధపూజ నాడు పిన్ని దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ట్రాక్టరుకీ డీజిలింజనుకీ మధ్య పెళ్ళికొడుకులా కూర్చోబెట్టేది. బొట్టు పెట్టిన ఆయుధం ఇంటివాళ్ళ జోలికి రాదని బాబాయి సిద్ధాంతం.

తొంభైల్లో మొగల్తూరు చుట్టుపక్కల వరి పండే నేలకి రొయ్యల పిచ్చి పట్టింది. బాబాయి కూడా చేలు తవ్వి చెరువులు చేశాడు. ఒక పంట రొయ్యలు ఎంతెంత పెరిగాయంటే, వలేసి లాగినవాడు చెరువులో పడ్డాడు గానీ రొయ్య గట్టెక్కలేదు. ఆ మర్నాటి నించి దొంగల భయం. గట్టు మీద పాకేసి, ఒక కాపలా మనిషిని పెట్టాడు. యాభై దాటినవాడు, పక్క పేటవాడే. అతని ఆయుధమల్లా మెడలో ఒక ఈల. ఆకు కదిలితే ఊదేవాడు, కప్ప దూకితే ఊదేవాడు. బాబాయికి ఇంకో అలవాటుంది. కాపలావాడు నిద్రపోతున్నాడేమో పట్టుకుందామని చెప్పాపెట్టకుండా, టార్చి వెయ్యకుండా, పిల్లిలా గట్టెక్కేవాడు. ఎక్కగానే చెవులు చిల్లులుపడేలా ఈల. "ఆపరా, నేనే" అనేవాడు బాబాయి. "ఆయ్, తవరా అండి" అనేవాడు అతను. ఇద్దరికీ తృప్తి.

మరుసటేడు రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చింది. మేత అమ్మే కంపెనీవాళ్ళు ఎక్కణ్ణించో ఒక అమెరికా నిపుణుణ్ణి తెచ్చి మా బాబాయింట్లో దింపారు. నరసాపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటున్న నన్ను దుబాసీగా పిలిచారు. ఆ దొర గుమ్మం పట్టనంత పొడుగు, గొంతు మాత్రం చంటిపిల్ల పక్కన మాట్లాడేవాడిలా ఉండేది. చెప్పినవన్నీ బాబాయి తు.చ. తప్పకుండా చేశాడు. నీళ్ళు మార్చమంటే మార్చాడు. మేత తగ్గించమంటే తగ్గించాడు. ఒక చెరువు మొత్తం ఎండగట్టమంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఎండగట్టాడు.

అమెరికాలో ఎవడో బళ్ళో దూరి పిల్లల్ని కాల్చిన కబురు ఆ రోజుల్లో టీవీలో చూసి, మా వీధి అరుగు మీద పెద్ద తర్కమే జరిగింది. "వాళ్ళకి ఓపిక లేదు" అని తేల్చాడు బాబాయి. "మనకి కోపమొస్తే ఏం చేస్తాం? అవతలివాడి గట్టు జానెడు జరుపుతాం. నీటి బోదెకి అడ్డకట్ట వేస్తాం. కోర్టుకెళ్తాం. మూడు తరాలు హాయిగా గడిచిపోద్ది."

ఆ దొర ఎదురుగా కూర్చుని భోంచేస్తున్నప్పుడు బాబాయి తన సందేహాలన్నీ తీర్చుకున్నాడు.

"అక్కడ బజారు కొట్లో తుపాకీలు అమ్ముతారట, నిజమేనా అడగరా మాస్టారూ."

అడిగాను. నిజమేనట.

"పెరుగు ప్యాకెట్ల పక్కనా?"

"కాదట బాబాయ్, చేపల గాలాల పక్కన."

"చూశావా, పద్ధతి" అని, మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, బాబాయి గోడ మీంచి తుపాకీ దింపించాడు. అతిథికి మనం ఇష్టమైనది పెడతాం. కాకినాడవాడికి కాజా, అమెరికావాడికి తుపాకీ. "మా కాపలావాడికి కాల్చడం నేర్పమను. దొంగలు మరీ మీరిపోయారు."

దొర చేతులు వెనక్కి తీసుకున్నాడు. పూజ చేసిన వస్తువుని ముట్టుకోనన్నవాణ్ణి మా ఇంట్లో అదే చూడ్డం. అతను మాట్లాడటం మొదలెట్టాడు, నేను ముక్కముక్కగా తెలుగు చేశాను. అతనికి ఒక అన్న ఉండేవాడట. కాలేజీ నించి, తల్లిని ఆశ్చర్యపెడదామని కబురు చెయ్యకుండా వచ్చి, వంటింటి తలుపు తీసుకుని లోపలికొచ్చాడట. దొంగనుకుని తండ్రి కాల్చాడట. మీ చెరువుకి ఈలే మంచిది, తుపాకీ మాత్రం గోడకే ఉంచండి, అన్నాడు.

పిన్ని గుమ్మంలో నిలబడి, "తర్వాత ఆ తండ్రి ఏం చేశాడో అడుగు నాయనా" అంది.

అడిగాను. "ఆ తుపాకీ పోలీసులు పట్టుకెళ్ళారట పిన్నీ. తండ్రి ఇంకోటి కొన్నాడట. ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే భయమేసి."

"మగాడంటే అదీ" అన్నాడు బాబాయి. "అయినా వాళ్ళకి పూజలా పాడా? బొట్టు పెట్టి ఉంటే తండ్రి చేతిలో కొడుక్కి అలా జరిగేదా?" అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వారు. ఆ నవ్వుని తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చే అవసరం నాకు రాలేదు. దొరకి అర్థమైంది.

అతను వెళ్ళిన మర్నాడే బాబాయి నా ఎదుటే తుపాకీ కాపలా మనిషి చేతిలో పెట్టాడు.

"నాకొద్దండి బాబుగారూ" అన్నాడు అతను, దాన్ని ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు దూరంగా పట్టుకుని. "ఈల పొరపాటున ఊదినా ఏం కాదండి."

"ఈలకి భయపడేవాడు దొంగేంటిరా. పట్టుకో. లేదంటే రేపణ్ణించి పనికి రాకు."

పట్టుకున్నాడు. ఇంట్లో తినే నోళ్ళు అతన్ని పట్టుకునేలా చేశాయి.

ధనుర్మాసం మంచు ఆ ఏడు ఎంత దట్టంగా కురిసిందంటే, కోడి కూడా తెల్లారిందో లేదో తేల్చుకోలేక ఇంట్లోవాళ్ళని అడిగి కూసింది. అలాంటి తెల్లవారుజామున బాబాయి టార్చి లేకుండా, దగ్గకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కాడు. ఈసారి ఈల వినపడలేదు.

ప్రాణం పోలేదు. తొడలోకి దిగిన సీసపు రవ్వలు కొన్ని తీశారు, కొన్ని అక్కడే కాపరం పెట్టాయి. కాపలా మనిషే బాబాయిని భుజాన వేసుకుని రోడ్డుదాకా మోసుకొచ్చాడు. లైసెన్సు తుపాకీ ఇంకొకరి చేతికివ్వడం నేరమని ఆస్పత్రిలో వకీలుగారు చెవిలో చెప్పేసరికి, బాబాయికి జ్ఞాపకశక్తి పెరిగిపోయింది. తుపాకీని కాపలావాడు దొంగిలించాడని పోలీసులకి రాయించాడు. మోసినవాడు మోసిన నెత్తుటి చొక్కాతోనే సబ్ జైలుకెళ్ళాడు.

నేను స్టేషన్‌కి వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పాను. "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి మాస్టారూ" అన్నారు. తర్వాత కోర్టులోనూ చెప్పాను. నాకూ బాబాయికీ భాగాల తగాదా ఉందని వాళ్ళ వకీలు నిరూపించాడు. ఉన్నమాట నిజమే. గోదావరి జిల్లాల్లో బాబాయికీ అన్నకొడుక్కీ భాగాల తగాదా లేకపోతే చుట్టరికమే అనుమానించాలి. ఆ విధంగా నేను చెప్పిన నిజం చెల్లలేదు.

"ఆ దొర నోరు మంచిది కాదు" అంటాడు బాబాయి ఇప్పటికీ. "అన్నం దగ్గర చావు కబురు చెప్పాడు. అదే తగిలింది." కాలు ఈడుస్తూనే తిరిగి ఇంకో తుపాకీకి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఒంటరిగా చెరువు మీదకెళ్ళాలంటే భయమట. అదొచ్చిన మొదటి దసరాకి పిన్ని కుంకుమ భరిణతో ట్రాక్టరుకి బొట్టు పెట్టింది, డీజిలింజనుకి పెట్టింది, లోపలికెళ్ళిపోయింది. తుపాకీకి బాబాయే పెట్టుకున్నాడు. టీవీలో అమెరికా కాల్పులొస్తే, "ఓపిక లేని జాతి" అని చేతికర్రతో నేల మీద పొడుస్తాడు.

కాపలా మనిషి బెయిలు మీద బయటికొచ్చాడు. తుపాకీ దొంగని కాపలాకి ఎవరు పెట్టుకుంటారు? వాయిదాకి నరసాపురం వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగి వెళ్తాడు. మొన్న గ్లాసు కింద పెడుతూ అడిగాడు.

"మాస్టారండీ, నాకొద్దన్న మాట కోర్టువోరు నమ్మట్లేదు కదండీ. ఆ దొరగారి చేత చెప్పిత్తే నమ్ముతారంటారా? తుపాకీ గోడకే ఉంచమన్నది ఆరే కదండీ."

"నమ్మరు" అన్నాను.

"అంత దూరం నించొచ్చిన పెద్దమనిషి మాట కూడానాండి? బాబుగారు ఆరు చెప్పారని చెరువే ఎండగట్టేశారు కదండీ."

"అది రొయ్యల సంగతి" అన్నాను.