మా చెరువు తొలి చేప

మా వంశానికి మిగిలిన హక్కు ఒక్కటే. ఎండాకాలంలో చెరువులో వల వేసినప్పుడు తొలి చేప మా ఇంటికి రావాలి. వండించి మొదటి ముద్ద నేను తినాలి. ఆ తర్వాతే మిగతా చేపలు అంగడికి పోతాయి. చెరువు కట్టించింది మా ముత్తాత. భూములు పోయాయి, భవంతి సగం కూలింది, ఈ మర్యాద మాత్రం పోలేదు.

తెలంగాణ వచ్చాక మా చౌటుప్పల్ వైపు చెరువు పక్కనే ఒక కాలనీ లేచింది. ప్రతి కిటికీలోంచి చెరువు కనిపిస్తుందని చెప్పి ప్లాట్లు అమ్మారు. ప్రతి ఇంటి మురుగూ అందులోకే పోతుందని చెప్పలేదు. పొలాల్లో చల్లిన యూరియా వానకు కొట్టుకొచ్చి దానికి తోడైంది. నీళ్ల మీద ఆకుపచ్చ నాచు మీగడలా పేరుకుంది. చేపపిల్లలు వదలడానికి వచ్చిన నాయకుడు అది చూసి, చెరువు పచ్చగా కళకళలాడుతోందని మైకులో మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కుర్చీలోంచి లేవకుండా.

ఆ తర్వాతి ఎండాకాలం వరసగా మబ్బులు పట్టాయి. ఎండ లేక నాచు చచ్చి కుళ్లింది, నీళ్లలో ఉన్న గాలినంతా అదే తినేసింది. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలాయి.

ఆ పొద్దున బెస్తల పెద్ద మా గుమ్మానికి వచ్చాడు. చేతిలో బొచ్చె చేప, వెనక డప్పు, ఆ వెనక పట్నం బేరగాడు. కొన్నేళ్లుగా తొలి చేప డప్పు లేకుండానే వచ్చేది.

"దొరా, తొలి చేప. జర ఒక్క ముద్ద తినుండ్రి."

"వలకు పడ్డదా, తేలిందా?"

అతను తల వంచుకున్నాడు. "తేలింది దొరా. గిప్పుడే సచ్చింది, ఖరాబు కాలే. మీరు తింటెనే గీ సేటు బండి నింపుతడట. లేకుంటె మా ఏడాది కష్టం మట్టిల కలుస్తది."

"పెద్దమనిషి తిన్నడంటె చాలు," అన్నాడు బేరగాడు. "పట్నంల ఇంక ఎవరు అడగరు."

తరతరాలుగా మేము చేసింది దొరతనం కాదని, రుచి చూసే నౌకరీ అని నాకప్పుడు తెలిసింది.

"తనంతట తాను సచ్చింది మా ఇంట్ల ఎవ్వరు తినలే. నేను తినను."

"గిప్పుడు గూడ గీ పట్టింపేనా దొరా? మల్ల మీ గడప తొక్కం."

"తొక్కకుండ్రి."

చేపలను గుంత తీసి పూడ్చారు. కాలనీవాళ్లు వాసన వస్తోందని ఫిర్యాదు చేశారు, మురుగు మీద కాదు, చేపల మీద. మరుసటి ఏడు కూడా చేపలు తేలాయి. డప్పు మా వీధిలోంచే కాలనీ కట్టినాయన ఇంటికి పోయింది. ఆయన చేప తినడు. దాన్ని పట్టుకుని ఫోటో దిగి వెనక్కి పంపాడట.

బేరగాడికి అది చాలింది.